ఆవగింజలో సగం

అమలాపురంలో పొద్దున్నే, తడి వాకిట్లో, తల్లి సూర్యకళా కూతురు శృతీ.

“అమ్మా, కదలకు! కాలు తియ్యకు!”

“ఏంటే, పామా?”

“నత్తగుల్ల. అగ్గిపెట్టెలో దూదిమీద పెట్టుకున్నా. లేదు.”

“ఓసి నీ నత్త బంగారంగానూ! గుండాగిపోయింది. కాలవగట్టుకెళ్తే బుట్టెడు ఏరిస్తాను.”

“అది ఒక్కటే అమ్మా. లోకంలో ఇంకెవరికీ దొరకలేదు. పోలవరం అవతల కొండకింద దొరికింది, ఆ చోటు మొన్న వరదకి పోయింది. పదింటికి మా గైడు రత్నమాణిక్యం మేడమ్ చూడ్డానికొస్తారు. గుల్ల లేకపోతే అబద్ధం రాశానంటారు. నాలుగేళ్ళ పీహెచ్‌డీ గోదాట్లో కలిసినట్టే... నువ్వు గానీ తీశావా?”

“నేనెందుకు తీస్తానే?”

“అమ్మా.”

“అంటే... దీపం వెలిగిద్దామని తెరిచాను. పుల్లల్లేవు. దూదీ, ఏదో మట్టీ ఉంటే దులిపేశాను.”

“ఎక్కడ?”

“ఇక్కడే. ఆ తర్వాత... కళ్ళాపి చల్లేశాను.”

“పేడనీళ్ళా! అయ్యో, అయిపోయింది. నా పని అయిపోయింది.”

“ఏడవకే తల్లీ. ఎలా ఉంటుందో చెప్పు, వెతుకుదాం.”

“ఆవగింజలో సగం. తేనెరంగు. నాలుగున్నర చుట్లు, చుట్టుచుట్టుకీ సన్నటి గీతలు. మూతి అంచు కుండ మూతిలా బయటికి మడిచుంటుంది. లోపల ఒక్క పన్ను.”

“నత్తకి పళ్ళేంటే?”

“పన్నంటే చిన్న బొడిపె అమ్మా, గుల్లదే. మూతికి అడ్డంగా తెల్లటి పొర కూడా ఉంది. మట్టనుకుని వదిలేశా. నేనిటు వెతుకుతా, నువ్వటు చూడు.”

“ఆగాగు. ముగ్గుపక్కన ఏదో... ఇదేనా?”

“భూతద్దం ఇలా ఇవ్వు. ఒకటి, రెండు, మూడు... నాలుగున్నర. పన్నుంది. అదే! అదేనమ్మా! కానీ పొరేదీ?”

“నీళ్ళకి నాని ఊడుంటుంది. దొరికిందిగా, ఊపిరి పీల్చుకో. ఏంటే, అలా బిగుసుకుపోయావు?”

“ఉత్త గుల్లేనని రాశానమ్మా. ఆర్నెల్లు అగ్గిపెట్టెలో పెట్టి మూశాను.”

“అయితే?”

“కొమ్ములు బయటపెట్టింది.”

“బతికుందా! మంచిదేగా, ఇంకా భయమేంటి?”

“ఆ పొర మట్టి కాదమ్మా, లోపల నిద్రపోతూ అది వేసుకున్న తలుపు, నీళ్ళు తగిలి లేచింది. బతికున్నదైతే స్పిరిట్‌లో ముంచి చంపి దాచాలి. అదే పద్ధతి. మేడమ్ ముందు, నా చేత్తోనే.”

“మరి చూపించకపోతే నీ చదువు?”

“అమ్మా... మేడమ్ అడిగితే, దులిపేశానని నువ్వు చెప్తావు కదూ?”