మూడో పాలసీ

షాద్‌నగర్ బస్టాండు ఎదురుగా గోపాల్ ఇన్సూరెన్సు దుకాణం. బల్లకు అవతల గోపాల్. ఇవతల అతని అక్క బిడ్డ నాగరాణి, ఆమె నాయనమ్మ గుర్వమ్మ.

“అత్త, సాలు తియ్యి. ఫోన్ల ఎంతసేపు మాట్లాడుతవ్? బావకు మంద కాడ పని ఉండదా?”

“ఆగయ్యా, అయిపోయింది. ఓ పర్వతాలూ, మీ బామ్మర్ది దుకాణంలకు వచ్చినం కొడుకా. ఆఁ, పిల్ల గూడ ఉన్నది. ఆ రాతిగుండు మీద ఎండల కూసోకు, నెత్తికి తువ్వాల సుట్టుకో. ఇగ ఉంట.”

“ఎర్ర బటన్ ఒత్తు.”

“నాకు ఎర్రది, పచ్చది ఏం తెలుసు?”

“నీ చేతుల ఫోన్ ఉంటె ఇయ్యాల పని గాదు. గీ బల్ల మీద పెట్టు. ఊఁ, చెప్పు బిడ్డా నాగరాణి. ఏదో దేశం పోతవంట. ఉద్యోగానికా?”

“కాదు మామ. ఆస్ట్రేలియాకు. ఏడాది వీసా. దేశం తిరగొచ్చు, నడుమ నడుమ పని చేసుకోవచ్చు. ఆ వీసాకు లాటరీ తీస్తరు, దాంట్ల నా పేరు వచ్చింది.”

“మరి పెద్ద చదువుకా?”

“కాదు.”

“ఉద్యోగం గాదు, చదువు గాదు. బేకార్ తిరగనీకి విమానం ఎక్కుతవా? షాద్‌నగర్ల తిరగనీకి జాగ దొరుకుత లేదా?”

“గ్యాప్ ఇయర్ అంటరు మామ. డిగ్రీ అయినంక ఒక ఏడాది...”

“గ్యాప్ ఇయర్! ఇన్నవా అత్త? పని లేకుండ తిరుగుడుకు గూడ పేరు పెట్టిన్రు.”

“ఇన్న గోపాలూ. మీ శివకృష్ణ డిగ్రీ తప్పి ఇంట్ల పండుకున్నడు సూడు, గదేనా అది?”

“అత్త, వాడు పండుకుంట లేడు. బిజినెస్ చూస్తుండు.”

“ఏడ చూస్తుండు? ఫోన్లనా?”

“జర ఆగు అవ్వా. మామ, నేను ఉత్తగ తిరగ. ముందుగాల గొర్రెల ఫారంల చేస్త. ఉన్ని కత్తిరించుడు, మందను తోలుడు. మాట్లాడుకున్న గూడ. తర్వాత మిగిలిన రోజులు దేశం చూస్త.”

“ఏం ఫారం?”

“గొర్రెల ఫారం.”

“ఇంకోసారి చెప్పు బిడ్డా, మంచిగుంది ఇననీకి. డిగ్రీ చదివి, ఇంగ్లీషు నేర్చుకొని, సముద్రం దాటి... గొర్రెలు కాస్తవా?”

“కాస్త. ఏమైంది?”

“ఏం గాలే. మీ బాపు ఊర్లనే కాయమంటుండు గద, పాస్‌పోర్టు గూడ అడగడు. కర్ర ఇస్తడు, గొంగడి ఇస్తడు.”

“నవ్వకు మామ. అక్కడ ఒక్కొక్కల కాడ వేల గొర్లు ఉంటయి. ఇద్దరు మనుషులు, నాలుగు కుక్కలు సంభాళిస్తయి. మన ఉన్ని ఎవలు కొంట లేరు, కోసి పారేస్తున్నం. వాళ్ళు గదే ఉన్ని మీద బతుకుతున్నరు. ఎట్ల బతుకుతున్నరో చూసి రావాలె. వచ్చి మన మంద కాడనే పెట్టాలె.”

“చూసి రావాలెనట! అత్త, నీ మన్మరాలు గొర్రెల కలెక్టర్ అయితది.”

“నాకైతె ఏం సమజైత లేదు గోపాలూ. నేను పుట్టినప్పటి సంది గొర్లనే చూస్తున్న. చూసినంత మాత్రాన నాకేం కొమ్ములు రాలే.”

“అవ్వా, నువ్వు గూడనా?”

“నేనేమన్న, ఉన్న ముచ్చట అన్న.”

“అవ్వ అన్నదే కరెక్ట్. ముసలామెకు ఉన్నంత తెలివి గూడ లేకపాయె నీకు.”

“మామ, నాకు టైం లేదు. బాపు ఒక్కటే మాట అన్నడు. ‘అక్కడ నీకేమన్న అయితె చూసుకునేటట్టు ఇన్సూరెన్స్ ఉన్నదని మీ మామ అంటె పో, లేదంటె లేదు’ అన్నడు. పోయిన వారం నువ్వు లేదన్నవంట. గొర్రెల పని చేసే ఆడపిల్లకు ఏ కంపెనీ ఇయ్యదన్నవంట.”

“అన్న. ఇయ్యరు.”

“నేను ఫోన్ల మూడు చూసిన.”

“ఫోన్ల చూసినవా! గిన్నేండ్ల సంది గీ కుర్చీల కూసున్నోన్ని నేను, పాలసీలు నువ్వు చూస్తవా? సరే, చెప్పు నీ మొదటిది.”

“గిది. విద్యార్థులకట.”

“నువ్వు విద్యార్థివా?”

“కాదు.”

“మరి ఖతం. రెండోది?”

“చుట్టపు చూపుగ పోయెటోళ్ళకు, ఊర్లు చూడనీకి పోయెటోళ్ళకు.”

“గిది నేను గూడ రాస్త. విమానం లేటయితె పైసలిస్తరు. సంచి పోతె పైసలిస్తరు. జరమొస్తె దవాఖాన ఖర్చు ఇస్తరు. కాని పని చేస్తుంటె దెబ్బ తాకిందనుకో, నయా పైస రాదు. గొర్రె తన్ని కాలు ఇరిగిందంటె వాళ్ళకు సంబంధం లేదు.”

“ఆగు ఆగు. సంచి పోతె ఇస్తరు?”

“ఇస్తరు అత్త.”

“కాలు పోతె ఇయ్యరు?”

“గొర్రెల కాడ పోతె ఇయ్యరు.”

“మంచిగున్నరయ్యా నీ కంపెనోళ్ళు. మా గొర్లకు గూడ నువ్వే చేసినవ్ గద ఇన్సూరెన్సు. చెవులకు బిళ్ళలు కుట్టినవ్. గొర్రె సచ్చిపోయిందంటె, బిళ్ళతోని చెవు కోసుకొని తెమ్మన్నవ్. కోసుకొచ్చినం. ఎండిపోయింది, ఇది చెల్లదంటివి.”

“పాత ముచ్చట ఎందుకత్త ఇప్పుడు?”

“పాతది గాదు, తెల్వక అడుగుతున్న. మా పిల్లకు ఏమన్న అయితె ఏం కోసుకొని తేవాలె?”

“అవ్వా!”

“ఏందే, అడుగుడు తప్పా?”

“ఏం కోసేది లేదత్త. ఏ పాలసీకైనా ఒక గడి ఉంటది. ఏమన్న అయితె ఎవలకు ఫోన్ చేయాలె అని. ఆ పేరుకు చేస్తరు. రాసుడే పడితె నా పేరు రాస్త.”

“బాపు పేరు రాయి మామ. నీ పేరెందుకు?”

“మీ బాపు పేరా? ఏడాదిల ఆరు నెలలు కొల్లాపూర్ దిక్కు గొర్రెల ఎంబడి పడి పోతడు. గుండు ఎక్కితెనే సిగ్నల్, దిగితె లేదు. అడివిల ఉండెటోనికి ఏం ఇనవడ్తది బిడ్డా? ఇనవడ్డా ఏం సమజైతది? అవతలోడు ఇంగ్లీషుల మాట్లాడితె మీ బాపు ‘హైఁ, హైఁ’ అని గొర్రెను అదిలిచ్చినట్టు అదిలిస్తడు.”

“బాపును ఏమనకు.”

“బావ నాకు బావ. నాకు లేదా ప్రేమ? ఉన్న మాట చెప్పిన.”

“మూడోది చూడు మామ. గిది తిరుగుకుంట పని చేసుకునేటోళ్ళ కోసమే ఉన్నది. ఫారం పని గూడ అని రాసున్నది. చదువు.”

“ఇట్లియ్యి. ఊఁ... గిది ఉత్త మోసం. ఇసొంటియి ఫోన్ల మస్తు వస్తయి.”

“మోసం ఎట్లయితది? నీ దుకాణం బోర్డు మీద ఉన్న కంపెనీనే గద.”

“ఆ... కంపెనీ అదే. పాలసీ లేదు. బంద్ చేసిన్రు.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో. నువ్వు నన్ను పరీక్ష పెడతవా? జిరాక్స్ తెచ్చినవా పాస్‌పోర్టుది? అది లేకుండ నేను కంప్యూటర్ల చూడ గూడ చూడను.”

“జిరాక్స్ ఎందుకు చూడనీకి?”

“పోవే, తేపో బిడ్డా. పక్కనే గద దుకాణం. మామ చూస్తనంటుండు, ఒర్రకు.”

“సరే అవ్వా. మామ, నేను వచ్చేసరికి చూసి పెట్టు.”

“పోయిందా అత్త?”

“పోయింది.”

“ఏం నోరు! ఏం నోరు! మా అక్క బిడ్డ అంటె ఎవలు నమ్ముతరు?”

“నేను ఏగలేక సస్తున్న గోపాలూ. పొద్దున లేస్తె గదే పాట. ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియా. పర్వతాలేమో ‘మా బామ్మర్ది ఎట్లంటె అట్ల’ అంటడు.”

“బావ మంచోడు.”

“నువ్వంటె వానికి దేవుడు. పొద్దున గూడ గదే అన్నడు. సదువుకున్నోడు, మన మంచి కోరెటోడు అని.”

“మరి! నేను పట్టపగలు రాత్రి అంటె బావ పోయి దీపం ముట్టిస్తడు.”

“నాకొక్కదానికి చెప్పు. ఆ మూడోది ఉన్నదా, లేదా?”

“ఎందుకత్త నీకు?”

“మళ్ళ ఎవలన్న ఉన్నదంటె నేనేం చెప్పాలె? తెలిసుంటె అడ్డం మాట్లాడొచ్చు గద.”

“ఉన్నది.”

“ఉన్నదా!”

“మెల్లగ. ఉన్నది. మంచి పాలసీ అది. పొట్టేలు పొడిచినా, ఉన్ని కత్తిరించే మిషిన్ల వేలు తెగినా, మొత్తం దవాఖాన ఖర్చు వాళ్ళదే. అడివిల పడిపోయిందంటె హెలికాప్టర్ పంపుతరు. మన షాద్‌నగర్ల అంబులెన్స్ రాదు, అక్కడ హెలికాప్టర్ వస్తది. నాలుగు రోజుల కింద ఒక పిల్లగానికి నేనే రాసిచ్చిన.”

“మరి పర్వతాలుకు లేదని ఎందుకంటివి?”

“అత్త, నువ్వు పెద్దమనిషివి. ఆలోచించు. ఒక్కతే పిల్ల. ఆ దేశం పోయిందంటె మళ్ళ మన చేతికి వస్తదా? మా శివకృష్ణకు చేసుకుంటె ఇంట్ల పిల్ల ఇంట్లనే ఉంటది.”

“శివకృష్ణకా!”

“వరసైన పిల్ల. తప్పేమున్నది? రోడ్డు పక్కన మీ జాగ ఉన్నది. ఆ గొర్లు అమ్మేస్తె దాంట్ల షాపులు కట్టుకోవచ్చు. శివకృష్ణ చూసుకుంటడు. బావ ఇంకెన్నేండ్లు ఆ కంపు మొయ్యాలె?”

“కంపు అంటివా?”

“కంపే గద అత్త. బావ మా ఇంటికొస్తె మా ఆమె రెండు రోజులు కిటికీలు తెరిసి పెడతది. నేనే ఏమనొద్దంట, పాపం.”

“వానికి తెల్వదు అది.”

“ఏం తెలుస్తది ఆయనకు? ఎదురుంగ కూసొని తిట్టినా నవ్వుతడు. ‘బామ్మర్ది, ఏ కాగితమైనా నువ్వే చూడు’ అంటడు, వేలు ముద్ర వేస్తడు. గొర్ల నడుమ ఉండి ఉండి ఆయన గూడ...”

“గొర్రె అయిండంటవ్.”

“నేనన్లే. నువ్వే అన్నవ్.”

“అనుకున్నవ్ గద.”

“ఛా, ఊకో అత్త. ఇన్సూరెన్స్ లేదన్న, ఆయన నమ్మిండు, ముచ్చట ఒడిసింది. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తది, తర్వాత శివకృష్ణ ముంగట తల వంచుతది. నువ్వు జర నోరు మూసుకొని ఉంటె సాలు. అదిగో, వస్తుంది.”

“మామ, జిరాక్స్. చూసినవా?”

“చూసిన బిడ్డా. మంచిగ చూసిన. మీ అవ్వ ముంగట్నే చూసిన. గట్లాంటి పాలసీ లేదు. నాకు గూడ బాధయితాంది.”

“నిజంగ లేదా?”

“నేను నీకు అబద్ధం చెప్తనా? అవ్వను అడుగు.”

“అవ్వా, లేదా?”

“ఉన్నదట బిడ్డా.”

“అత్త!”

“పొట్టేలు పొడిచినా ఇస్తరట. హెలికాప్టర్ గూడ పంపుతరట. మొన్న ఒక పిల్లగానికి నీ మామనే రాసిచ్చిండట.”

“మామ?”

“ఆమె... ముసలామెకు తప్పు సమజయింది. ఏం చెప్పినవత్త నువ్వు? నిన్ను పెద్దదానివని, ఒక్కదానివే ఉన్నవని నేను...”

“ఒక్కదాన్నే ఏడ ఉన్న గోపాలూ? ఫోన్ బల్ల మీద పెట్టుమన్నది నువ్వే గద.”

“ఏ ఫోన్?”

“గీ ఫోన్.”

“అది కట్ గాలేదా?”

“నాకు కట్ చేయరాదని చెప్పలేదా?”

“అవతల బావ కట్ చేసుంటడు గద!”

“బాపు చేయడు మామ. మందతోని ఊరు దాటినోడు తల్లి మాటను తానుగ తెంపొద్దంటరు మా ఇంట్ల. ఎనుకట అవ్వ పిలుసుడు ఆపేదాక పొలిమేర కాడ నిలవడి ఇంటుండెనంట. ఇప్పుడు ఫోన్ చెవుకు పెట్టుకొని ఉంటడు, ఎంతసేపైనా సరే.”

“నాగరాణి, ఆ ఫోన్ ఇటియ్యి. ఇటియ్యి బిడ్డా.”

“ఆగు. పెద్దగ ఇనవడేటట్టు పెడుతున్న.”

“బావా? బావా... లైన్ల ఉన్నవా? ఇది ఉత్త నవ్వులాట బావా. అత్తతోని నవ్వులాటకు... బావా?”

“ఉన్న బామ్మర్ది. గుండు దిగలే. ఆ మూడోది రాయి పిల్లకు. ఫోన్ చేసే కాడ నా పేరే రాయి. అడివిల ఉన్నా నాకు మంచిగనే ఇనవడ్తాంది.”