చెరువు గట్టుకు తురుపాయి

"సుడిగాలీ, నీ టీ చల్లారిపోతోంది, ఇంకా మనసులో ఆ చెరువు చుట్టూనే తిరుగుతున్నావా?" అని పోస్టుమాన్ బాబాయి కేకేశాడు.

అడవి గేటు పక్కనున్న టీ కొట్టు బెంచీ మీద టైలరు మాస్టారు అప్పుడే గొంతు సవరించుకున్నాడు. కుట్టు మిషను ముందు నుంచి కదలని ఈ మనిషికి సుడిగాలి అని పేరు పెట్టింది ఆ బాబాయే. పక్షులనీ జింకలనీ కాపాడే ఆ అడవిలో, నడుమనున్న చెరువు దాకా, ప్రతి ఆదివారం తెల్లారేసరికే నడిచొచ్చేస్తానని మాస్టారు చెప్పుకుంటాడు. అక్కడ నడిచొచ్చినవాళ్లంతా కొట్టు ముందు ఆగి, బట్టలకంటిన ముళ్లగింజలు ఏరి, గుమ్మం దగ్గరి డబ్బాలో వేసి మరీ వెళ్లాలి. ఆ గింజలు ఊళ్లో మొలవకూడదని నియమం. బాబాయి ఇప్పుడూ అదే పనిలో ఉన్నాడు, ఒక చెవి ఇటు పారేసి.

ఆ పూట కొట్టావిడ ఓ మాట అంది. ఇన్నేళ్లూ వచ్చేపోయేవాళ్లకు టీ పోయడమే గానీ, చెరువు అవతలి గట్టు తనెప్పుడూ చూడలేదట. దారి తెలిసినవాళ్లు తోడొస్తే వచ్చే ఆదివారం కొట్టు మూసి వెళ్తుందట. అది విన్నప్పటి నుంచి మాస్టారు గుండె మిషను చక్రంలా తిరుగుతోంది. ఆ తోడు తనే కావాలి.

మొదట చిన్నగానే అందుకున్నాడు. కొంగ ఒకటి రెక్క చీరుకుని పడుంటే నాలుగు కుట్లు వేశాడట, అందులో గొప్పేం లేదట. ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ కథలోకి కొండచిలువను లాక్కొచ్చాడు. అది దారికడ్డంగా పడుకుంటే మెడలోని టేపు తీసి కొలిచాడట. ఛాతీ, నడుము, సీటు అన్నీ ఒకటే కొలత వచ్చేసరికి పాము సిగ్గుపడి తల దించుకుందట.

"మరి చేతుల కొలత?" అన్నాడు బాబాయి, గింజలు ఏరుతూనే.

"లేనివాళ్లను అడగడం మర్యాదా బాబాయ్? అది కాదు, వినండి, అంతలో చెరువు గట్టు ఫట్టున చీలింది, నీళ్లూ చేపలూ బయటికి ఒకటే పరుగు, నా దగ్గరేమో అంత దారం లేదు, ఇక చేసేదేముంది, కొంగ ముక్కే సూది, దాని ముక్కుబెజ్జంలోంచి కొండచిలువను ఎక్కించి ఈ కొస నుంచి ఆ కొసకు తురుపాయి కుట్టు వేసేశాను, అవతల నిలబడి చూస్తే కుట్టే కనబడదు."

"చివర ముడి వేశావా?"

"వేయకపోతే పాము ఊడి రాదూ?"

కొట్టావిడ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి గింజల డబ్బా మాస్టారు ముందు పెట్టింది. ఆయన ప్యాంటు మీద ఇస్త్రీ మడత కత్తిలా నిలబడి ఉంది.

"మాస్టారూ, బాబాయిగారు ఇలా వెళ్లి అలా వస్తేనే గుప్పెడు గింజలు రాలాయి. మీరు ఇన్ని ఆదివారాలు నడిచారు గదా, ఈ డబ్బాలో మీ గింజ ఒక్కటైనా పడిందా? ఎందుకు అడుగుతున్నానంటే, మిమ్మల్నే తోడు రమ్మందామనుకున్నాను."

బాబాయి ఏరడం ఆపాడు. చెట్ల సందుల్లోంచి నీటి చల్లదనం మోసుకుని గాలి వచ్చి స్టవ్ మంటను ఒక్కసారి వంచి పోయింది. తన కత్తెరంటే గింజలకు హడలని చెప్పడానికి మాస్టారు నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది. దాన్ని చల్లారిన టీతో కలిపి మింగేశాడు.

"నేను గేటు దాటలేదండీ," అన్నాడు, టేపును వేలికి చుట్టుకుంటూ. "ఒక్కసారీ దాటలేదు. మీ కొట్టు దాకా వచ్చాక ఇంకా ముందుకెళ్లాలని ఎప్పుడూ అనిపించలేదు."