బయానా పడని ఫోన్

జనగామ కోర్టు. 2012 ఫిబ్రవరి 17, శుక్రవారం, పగలు పదకొండున్నర. న్యాయాధికారి అడగగా సాక్షి చెప్పినది, చెప్పిన వరుసలోనే రాసుకున్నది.

నా పేరు యాకమ్మ. భర్త పేరు మొగిలి. వయసు నలభై నాలుగో నలభై అయిదో ఉంటుంది. రేషన్ కార్డులో యాభై రెండని ఉంది, అది నేను చెప్పింది కాదు. ఊరు దేవరుప్పుల. రెండు బర్రెలున్నాయి, పాలు అమ్ముతాను. పాలు తగ్గిన రోజుల్లో కూలికి పోతాను. చదువు లేదు. నిజమే చెబుతానని ప్రమాణం చేశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. అయోమయంలో మాత్రం పడేశారు. అది బెదిరింపు కిందికి వస్తుందో రాదో మీకే తెలియాలి.

ముద్దాయి జగన్ నాకు తెలుసు. కొడకండ్ల దగ్గరి తండా పిల్లవాడు. వాళ్ళమ్మ సక్రి, నేను కలిసి పత్తి ఏరడానికి పోతాం. జగన్ జనగామలో ఒక ఫోన్ల దుకాణంలో కూర్చుని, ఫైనాన్స్ కంపెనీ తరఫున కిస్తుల మీద ఫోన్లు ఇప్పించేవాడు. నాకు ఫోన్ ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాసి తానే దాచుకున్నాడని కంపెనీ వాళ్ళు కేసు పెట్టారు. అతను నెల రోజులుగా జైల్లో ఉన్నాడు. ఫోన్ నా చేతికి వచ్చిందా లేదా చెప్పమని నన్ను పిలిచారు.

వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను. కానీ ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో వరుసగా చెప్పకపోతే మీకు కూడా నాలాగే తికమక అవుతుంది.

నా భర్త మొగిలి భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టరు కింద కూలి. నాకు ఫోన్ లేదు. కిరాణా కొమురెల్లి ఫోన్‌కు చేసేవాడు. కొమురెల్లి మంచివాడే కానీ గొంతు పెద్దది. నన్ను పిలిచే ఓపిక లేక, చెప్పిన సంగతి రోడ్డు మీద నుంచే అరిచేవాడు. ఒకసారి, "యాకమ్మా, మొగిలికి కడుపు నడుస్తుందట, దవాఖానకు పోతుండట" అని అరిచాడు. తెల్లారి పాలు పోయించుకునే ప్రతి ఇంటివాళ్ళూ మొగిలి కడుపు గురించి నన్ను అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. సొంత ఫోన్ ఉండాలని అప్పుడే అనుకున్నాను.

పోయిన ఆగస్టులో, రాఖీ పండుగ దాటిన వారంలో, దున్న దూడను అమ్మడానికి జనగామ అంగడికి వచ్చాను. దూడ రెండు వేలకు పోయింది. డబ్బు నడుముకు కట్టుకుని వస్తుంటే దుకాణం ముందు జగన్ కనిపించి పిలిచాడు.

"అవ్వా, ఫోన్ తీస్కపో. జీరో డౌన్ నడుస్తుంది."

"అంటే ఏందిరా?"

"అంటే ఇప్పుడు నువ్వు రూపాయి గూడ ఇచ్చేదుండది. ఫోన్ నీ చేతుల ఉంటది, నీ పైసలు నీ నడుముకుంటయి."

"కుండల కూడు కుండల్నే ఉండాలె, పిలగాడు దుడ్డోలె ఉండాలె అన్నట్టు చెప్తున్నవేందిరా? నచ్చకపోతే?"

"నచ్చకపోవుడేంది అవ్వా, బంగారమసొంటి ఫోన్!" అని నవ్వాడు. నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్ అని అతను అనలేదు. ఇవ్వకు అని కూడా అనలేదు. నవ్వాడు, అంతే. నెలనెలా కిస్తు ఉంటుందని మాత్రం చెప్పాడు.

అయ్యా, మా గొడ్ల బేరం పద్ధతి మీకు చెప్పాలి. బర్రెను కొనాలంటే బయానా పడాలి. పది రూపాయలైనా సరే, అమ్మేవాడి చేతిలో పడితేనే బేరం ఖాయం. అప్పుడే పాత పలుపు తీసి మన పలుపు వేస్తాం. బయానా పడకుండా ఇంటికి తోలుకొచ్చిన బర్రె చూసుకోవడానికి తెచ్చుకున్న బర్రె. రెండు పూటలు పాలు పిండి చూస్తాం, తన్నుతుందా తన్నదా చూస్తాం. నచ్చకపోతే తోలుకుపోయి అప్పగిస్తాం. అందులో తగవు ఉండదు. మా అమ్మమ్మ నాటి నుంచీ ఇదే పద్ధతి.

జగన్ బయానా అడగలేదు. నేనే రెండుసార్లు అడిగాను, వంద రూపాయలు తీసుకోమన్నాను. "వద్దవ్వా, జీరో అంటే జీరోనే" అన్నాడు. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు, నా ఫోటో తీశాడు. చూసుకోవడానికి తీసుకుపోతున్నట్టు గుర్తు రాసుకుంటున్నాడని అనుకున్నాను. పట్నం దుకాణం కదా, నోటి మాట మీద ఇవ్వరు కదా.

ఫోన్ తెచ్చాను. దాని అద్దం మీద పల్చటి పొర ఒకటి అంటించి ఉంది. పక్కింటి పిల్లలు దాన్ని పీకబోతే చేతుల మీద కొట్టాను. బయానా పడని గొడ్డుకు మన పలుపు వేయనట్టే, ఈ పొర కూడా తీయకూడదు. వేలితో నొక్కితే సరిగా పట్టేది కాదు, అయినా తీయలేదు. కర్రచెక్క డబ్బా కూడా పారేయలేదు.

క్షమించండి, కర్రచెక్క కాదు, అట్ట డబ్బా. కంగారులో వస్తోంది.

సెప్టెంబరు మొదట్లో జగన్ బండి మీద వచ్చి మొదటి కిస్తు అడిగాడు. ఇచ్చాను. ఎందుకు ఇచ్చావని మీరు అడిగారు. చూసుకోవడానికి తెచ్చుకున్న గొడ్డుకు ఆ నాలుగు రోజులు గడ్డి పెట్టేది మనమే కదా. ఇది గడ్డి ఖర్చు అనుకున్నాను. కొంచెం ఎక్కువ గడ్డే తింటుంది అనుకున్నాను కూడా.

తరువాత తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు మూతబడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. మొగిలి పరకాల దాకా నడిచి, అక్కడ ఎవరిదో ట్రాక్టరు ఎక్కి, మూడో రోజు ఇంటికి చేరాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కూలి లేదు. నా పాలు జనగామకు తీసుకుపోయే ఆటో కూడా రావడం మానేసింది. నేను ఫోన్ తెచ్చింది మొగిలితో మాట్లాడటానికి. ఆ మొగిలి ఎదురుగా కూర్చుని టీ అడుగుతున్నాడు. ఇక ఫోన్‌లో ఎవరితో మాట్లాడను?

సద్దుల బతుకమ్మకు ముందు రోజు, ఉద్యమానికి పోయే ట్రాక్టరులో జనగామ వచ్చాను. ఫోన్, ఛార్జరు, డబ్బా అన్నీ నా పాత పచ్చ రవిక గుడ్డలో మూటగట్టి తెచ్చాను. దుకాణం షట్టరు వేసి ఉంది. హైదరాబాదు రోడ్డుకు అడ్డంగా ఉద్యమం వాళ్ళ వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, జెండాలు, డప్పులు. అక్కడ జగన్ పెద్ద గంటె పట్టుకుని పులిహోర కలుపుతూ కనిపించాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పోయి మూట చేతిలో పెట్టాను.

"జగన్, గిది పట్టు. చూస్కున్నం. మాకద్దు."

"ఏందవ్వా! గిది వాపస్ తీస్కునేది కాదు."

"నువ్వు బయానా తీస్కున్నవా?"

"తీస్కోలే."

"మరింకేంది? తీస్కో."

"అవ్వా, జర నా మాటిను..."

పక్కనే అన్నం వారుస్తున్న ఒక పెద్దమనిషి, "తీస్కోరాదు తమ్మీ, అవ్వ అంత గనం చెప్తుంటె! తెలంగాణ వచ్చినంక లెక్కలు చూస్కుందం తియ్" అన్నాడు. అందరూ నవ్వారు. జగన్ కూడా నవ్వాడు, కానీ ముఖం మాడిపోయింది. గంటె కింద పెట్టి, చేయి ప్యాంటుకు తుడుచుకుని, మూట తన సంచిలో వేసుకున్నాడు. "సరే అవ్వా, దుకాణం తెరిచినంక ఏదన్న చేస్త. నువ్వు తిని పో" అన్నాడు. తిన్నాను. పులిహోరలో ఉప్పు తక్కువైంది, ఆ మాట కూడా అతనికి చెప్పాను.

సరే అన్నాడు కదా. అక్కడితో బేరం తెగిపోయిందని అనుకున్నాను. సమ్మె ముగిశాక మొగిలి మళ్ళీ భూపాలపల్లి పోయాడు. కొమురెల్లి మళ్ళీ రోడ్డు మీద నుంచి అరవడం మొదలుపెట్టాడు.

జనవరిలో, సంకురాత్రి కాకముందే, మానుకోట నుంచి కంపెనీ మనిషి ప్రకాశ్, మరొకతను వచ్చారు. కిస్తులు ఆగాయని, ఆలస్యానికి మీద జుర్మానా పడిందని, కట్టకపోతే బర్రెను తోలుకుపోతామని అన్నారు. బర్రె పేరు ఎత్తేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం ఫోన్? నా ఇంట్ల ఫోనే లేదు. నేను కొననే లేదు! నా బర్రె మీద చెయ్యేస్తే పేడతట్ట ఎత్తి కొడ్త" అని అరిచాను. ప్రకాశ్ కోప్పడకుండా, "కొననే లేదా?" అని మెల్లగా అడిగాడు. "లేదు. రూపాయి ఇయ్యలే" అన్నాను. అతను తలూపి రాసుకుని పోయాడు.

నేను అన్నది అబద్ధం కాదు. నా లెక్కలో నేను కొనలేదు, కట్టిన ఒక్క కిస్తూ గడ్డి ఖర్చే. కానీ వాళ్ళ లెక్కలో ఆ మాటకు జగన్ దొంగ అయ్యాడు. వాళ్ళు పోయి తండాలో వెతికితే జగన్ పెట్టెలో ఫోన్ దొరికింది. పొర కూడా తీయని కొత్త ఫోన్, డబ్బాతో సహా. ఇంకేముంది, ఈ ఫోన్ ఎవరి చేతికీ పోలేదు, వేలిముద్రలు ఉత్తుత్తివి అన్నారు. పొర ఉంచింది నేను. నా పద్ధతి కొద్దీ ఉంచాను. అదే ఆ పిల్లవాడి మెడకు చుట్టుకుంది.

అతన్ని పోలీసులు పట్టుకుపోయిన మూడో నాడు సక్రి మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడింది.

"యాకమ్మా, నువ్వు కొననే లేదంటివట."

"బయానా పడలేదు కదనే సక్రీ."

"మరి నా కొడుకు ఎవరి కిస్తు కట్టిండే? దుకాణం బందై వానికే జీతం లేదు. నా పత్తి కూలి తీస్కపోయి రెండు నెలలు నీ పేరు మీద కట్టిండు."

"నేను వాపస్ ఇచ్చినంక ఎందుకు కట్టిండు?"

"కట్టకుంటె నీ ఇంటి మీదికొస్తరని. కంపెనీ వాపస్ తీస్కోదట. ఇంకెవరన్న దొరికితె వాళ్లకిప్పిస్త అని పెట్టెల దాసిండు. నీకు చెప్తె నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. పిచ్చోడు నా కొడుకు."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోపమో ఎంత ఆలోచించినా తెలియలేదు. మంచినీళ్ళు ఇస్తే సక్రి తాగలేదు. పదేళ్ళుగా ఒకే సద్దిగిన్నెలో తిన్న మనిషి, నా ఇంట్లో నీళ్ళు తాగకుండా పోయింది.

నాలుగు రోజుల క్రితం ప్రకాశ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి అక్కా అని పిలిచాడు. "కోర్టుల ఒక్క మాట చెప్పక్కా. ఫోన్ నా చేతికే రాలేదని చెప్పు. నీ బాకీ మొత్తం మాఫ్. వచ్చిందంటివా, జుర్మానాతోటి కట్టాల్సిందే" అన్నాడు. అతను బెదిరించినట్టు కాదు, మంచి చెప్పినట్టే చెప్పాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

జీరో డౌన్ వల్ల నీకు లాభం జరిగిందా అని మీరు అడిగారు. ఆ రోజు జరిగినట్టే ఉంది. దూడ డబ్బు రెండు వేలూ నడుముకే ఉన్నాయి. ఉన్నాయి కదా అని వారంలో ఖర్చయిపోయాయి, దేనికో సరిగా గుర్తులేదు. నగదుకు కొంటే ఆ ఫోన్ అయిదు వేల నాలుగు వందలట. కిస్తులు, కాగితాల ఖర్చు, జుర్మానా అన్నీ కలిపితే ఏడు వేలు దాటిందని ప్రకాశే చెప్పాడు. నేను కొంత కట్టాను. జగన్ జీతం లేకుండా కట్టాడు. సక్రి తన పత్తి కూలి పోగొట్టుకుంది. రూపాయి కూడా లేదన్న ఫోన్‌కు మూడు ప్రాణాలు డబ్బు కట్టాయి, ఫోన్ మాత్రం ఎవరి దగ్గరా లేదు. మీ కోర్టు బీరువాలో ఉంది. ఇందులో లాభం ఎవరిదో చదువుకున్న మీరే చెప్పండి, నాకు తెలియదు.

ఇప్పుడు నాకు చూపించిన ఫోన్ అదే. పచ్చ రవిక గుడ్డ కూడా నాదే. నమ్మకం లేకపోతే దానికి ఛార్జింగ్ పెట్టి లోపల చూడండి. ఏదో నొక్కబోతే ఒకసారి ఫోటో పడింది. అందులో మా పెద్ద బర్రె చెవి ఉంటుంది, మిగతా సగం నా బొటనవేలే ఉంటుంది. పాలు పిండే వేలు, గోరు పక్కన కోసుకుపోయిన గీత ఉంటుంది. ఇదిగో నా వేలు, చూసుకోండి. ఫోన్ నా చేతికి వచ్చింది. నేనే తిరిగి ఇచ్చాను. జగన్ దొంగతనం చేయలేదు. ఈ మాట చెబితే బాకీ నా మీద పడుతుందని తెలిసే చెబుతున్నాను. ఫోన్ నాదెట్లా అయిందో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇదంతా గుమస్తా గారు నాకు రెండుసార్లు చదివి వినిపించారు. కర్రచెక్క మాట తీసేయమన్నాను, తీయడం కుదరదన్నారు. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. పోయినసారి వేలిముద్ర వేసినప్పుడు బయానా పడలేదు, అందుకే ఇంత తంటా. ఈసారి నా మాట తిరిగేది కాదు. అందుకని వేలిముద్రకు ముందే ఈ రూపాయి మీ బల్ల మీద పెడుతున్నాను.

యాకమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

న్యాయాధికారి రాసినది: సాక్షి పెట్టిన రూపాయి బిళ్ళను తిరిగి తీసుకోమని రెండుసార్లు చెప్పాను. తీసుకోలేదు. బయానా వాపసు తీసుకుంటే జగన్ మళ్ళీ దొంగ అవుతాడని చెప్పి వెళ్ళిపోయింది. బిళ్ళను ఈ వాంగ్మూలంతో పాటు జతపరచడమైనది.