పాత్ ఎవలు పెట్టిండ్రు?

మానుకోట కాలేజీ ల్యాబ్‌లో అతను పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, టర్మినల్‌లో కమాండ్ కొట్టాడు. రోజూ వచ్చే "దొరకలేదు" అన్న మాట ఇవాళ రాలేదు.

"ప్యాకేజీలు దించే టూల్ ఏడున్నదో, దాని తొవ్వ దీనికి ఇయ్యాల తెలిసింది. పాత్ ఎవలు పెట్టిండ్రు?"

"దేవ్‌సింగ్. గార్ల నుంచి వస్తడు చూడు, ఆయన."

"దినాం నేనే పెడుతుంటి కదా. నన్నెందుకు పిలువలే?"

"నువ్వు పెట్టింది టర్మినల్ మూయంగనే పోతుండె. ఆయన సెట్టింగుల ఫైల్ల రాసిండు. ఇగ ఎప్పటికీ పోదట."

"ఆ ఒక్క లైను రాయ నాకు రాదనుకున్నవా?"

"వస్తే ఇన్నొద్దులు ఎందుకు రాయలే?"

అతను ల్యాప్‌టాప్ మూసి ఆమె వైపు జరిపాడు.

"రాస్తే దినాం నన్ను పిలుస్తుంటివా?"

"పిలుస్తుంటి. చాయ్ తాగుదామని పిలుస్తుంటి."