ప్రెసిడెంటుగారి కాలనీకి స్టేషను

ముప్ఫై ఏళ్ళ రవాణా ప్రణాళిక మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి అది ఆఖరి రోజు. ప్లానింగ్ ఆఫీసులో ఒక గది. గోడకు పెద్ద మ్యాపు. దాని ముందు ఆ ఆఫీసులోనే పనిచేసే మరదలు, ఆవిడ బావ. తలుపు పక్కన కుర్చీలో అక్క.

"వేలు తియ్యండి బావగారూ, మ్యాపు చిరుగుతుంది."

"చిరగనీ! ముందు ఇది చెప్పు. ఈ ఎర్రగీత ఏంటి?"

"రైలు."

"అది గుడ్డివాడికీ తెలుస్తుంది. మా కాలనీ నెత్తిమీంచి పోతోందా, లేదా?"

"పోతోంది. స్తంభాల మీద."

"ఆగుతుందా?"

"ఆగదు."

"ఎందుకాగదు? ఇటు పాలకేంద్రం దగ్గర ఆగుతుందట. అటు గోడౌన్ల దగ్గర ఆగుతుందట. మధ్యలో మేం మాత్రం పొద్దస్తమానం గడగడ వింటూ, మొహాలెత్తి చూస్తూ కూర్చోవాలా? మేమేం పాపం చేశాం?"

"అరవకండి. పక్కగదిలో కమిటీ కూర్చుంది."

"వాళ్ళు వినాలనే అరుస్తున్నా. ఇదంతా ఎందుకు చేశావో నాకు తెలుసులే. నీ పెళ్ళికి నేను రాలేదని కక్ష."

"మీరు రాకపోతే ఓ కుర్చీ మిగిలింది. అంతకంటే ఏం కాలేదు."

"చూశావా, చూశావా ఆ నోరు! ఏమే, విన్నావా నీ చెల్లెలి మాటలు?"

"అక్కనెందుకు లాక్కొచ్చారసలు? పనిలోంచి తిన్నగా వచ్చిన మనిషి. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో."

"ఆ మొహం చూసైనా నీకు జాలేస్తుందని."

"అక్కా, మంచినీళ్ళు తాగుతావా?"

"తాగదు."

"నేను అక్కనడిగాను."

"నేను చెప్తున్నాగా! విషయానికి రా. స్టేషనెందుకు లేదు?"

"జనం ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్తున్నారో చూస్తాం. ఊరు పెరిగేకొద్దీ, ముప్ఫై ఏళ్ళకి ఎంతమంది వెళ్తారో లెక్కేస్తాం. ఎక్కేవాళ్ళున్న చోట స్టేషను పెడతాం. మీ కాలనీనుంచి పొద్దున పూట బస్సో రైలో ఎక్కేవాళ్ళే లేరని తేలింది."

"లేరా! మీ కళ్ళేమైనా కాకులెత్తుకుపోయాయా? తెల్లవారకముందే మా బస్టాపులో నిలబడ్డానికి చోటుండదు. ఆసుపత్రి ఆయాలు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, బట్టల ఫ్యాక్టరీకి పోయే పిల్లలు... ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు!"

"అందరూ ఆడవాళ్ళేనా?"

"వాళ్ళే ఎక్కువ. మగవాళ్ళకి స్కూటర్లున్నాయిగా. అయితే ఏంటి?"

"ఏం లేదు. ఆ బస్సు కూడా ఉండదు. వచ్చే ఏడు స్తంభాల పని మొదలవగానే తీసేస్తారు. స్టేషను వచ్చే కాలనీలకైతే ఈలోగా వేరే బస్సు వేస్తారు. మీకు అదీ రాదు."

"బస్సు కూడా తీసేస్తారా! మరి మీ అక్క ఎలా వెళ్తుంది? ఇప్పటికే రెండు బస్సులు మారుతోంది. రాత్రయితే మోకాళ్ళు వాచిపోయి గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ హాస్టలు వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడ్డమే కాక, ఇప్పుడు నడిచి చావమంటావా నీ తోడబుట్టినదాన్ని?"

"ఆవిడ పనికి వెళ్తుందని మాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి? మీరు అడగాలి!"

"అడిగాం. రెండేళ్ళ కిందట ఇంటింటికీ వెళ్ళి అడిగి రమ్మని మనుషుల్ని సర్వేకి పంపాం. మీ కాలనీకి ఒకమ్మాయి వచ్చింది."

"ఆఁ, వచ్చిందిలే. గొడుగేసుకుని. సన్నగా."

"ఎవరితో మాట్లాడింది?"

"ఎవరితో అంటే?"

"ఎవరితో మాట్లాడింది బావగారూ?"

"నాతోనే. కాలనీ ప్రెసిడెంటుని నేనుండగా ఇంకెవరితో మాట్లాడుతుంది? ఈ ఎండలో పన్నెండు వీధులు తిరిగి ఏం చస్తావమ్మా, ఇలా నీడన కూర్చో, అందరి సంగతీ నేను చెప్తానన్నా. కాఫీ ఇప్పించా. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చెయ్యడం కూడా తప్పేనా?"

"పన్నెండు వీధుల సంగతీ మీరొక్కరే చెప్పేశారా?"

"నాకు తెలియని ఇల్లుందా అక్కడ?"

"ఆడవాళ్ళ గురించి అడిగిందా?"

"ఏదో అడిగింది..."

"మీరేం చెప్పారు?"

"గుర్తులేదు."

"గుర్తుంది. చెప్పండి."

"మా కాలనీ ఆడవాళ్ళు ఇంటిపట్టునే ఉంటారమ్మా, గడప దాటరు అన్నా. ఏమనమంటావు మరి? పరాయి పిల్ల. రాసుకుపోతోంది. రేపు ఏ పేపర్లో అచ్చేస్తారో. మా ఆడవాళ్ళ సంపాదన తిని బతుకుతున్నామని నేనే చాటింపు వేయించాలా? కాలనీ పరువు ఆలోచించొద్దూ?"

"అక్క గురించి ఏం చెప్పారు?"

"విడివిడిగా ఏం చెప్తాం, అందర్నీ కలిపే చెప్పా."

"అక్క గురించి, బావగారూ."

"అబ్బబ్బ, పోలీసుల్లా ఏంటే ఇది! మా ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వను అన్నా. అదృష్టవంతురాలండీ అంది ఆ పిల్ల. చాలా?"

"మిల్లు మూతపడి మీ ఉద్యోగం పోయినప్పట్నించీ మీరు తింటున్న అన్నం ఎవరిది?"

"నోరు అదుపులో పెట్టుకో! మిల్లు నేను మూయించానా?"

"మీరు మూయించలేదు. కానీ అక్క నోరు మాత్రం మూయించారు."

"ఓహో, ఇంత తెలిసినదానివి, మీ అక్క పనికెళ్తుందని నీకు తెలీదా? నువ్వు కూర్చున్న ఆఫీసే కదా ఇది! మా కాలనీలో ఎవ్వరూ లేరని లెక్కొచ్చినప్పుడు నీ చదువేమైంది?"

"మా దగ్గర కాలనీ పేర్లుండవు. నంబర్లుంటాయి. కొన్ని వందల నంబర్లు."

"నంబరు! విన్నావే? నువ్వు ఈవిడకి నంబరువట!"

"అవును, చూసుకోవాల్సింది. చూసుకోలేదు. ఆ అమ్మాయి ఒక్క మనిషి మాట పట్టుకుని రాసుకొచ్చేసింది, మేం గుడ్డిగా ఎక్కించేశాం. అది మా తప్పే. అక్క దగ్గర నాకూ మొహం చెల్లడం లేదు. కమిటీ ముందు ఆ మాట నేనే చెప్తాను. మీది మీరు చెప్పండి."

"నేనేం చెప్పాలి?"

"సర్వేలో నేను చెప్పింది అబద్ధం, మా ఆడవాళ్ళు రోజూ పనులకి వెళ్తారు, మా ఆవిడా వెళ్తుంది, ఆవిడ జీతంతోనే మా ఇల్లు నడుస్తోంది. అంతే. చెప్తే మీ కాలనీలో మళ్ళీ సర్వే చెయ్యమంటారు. ఇవాళ సాయంత్రం దాటిందంటే ఇంకేం చెయ్యలేం."

"ఇంత గొడవెందుకు చెప్పు? పెన్ను నీ చేతిలోనే ఉంది. ఇదిగో, ఇక్కడ ఓ చుక్క పెట్టెయ్యి. ముప్ఫై ఏళ్ళ తర్వాత మాట ఎవడు చూడొచ్చాడు?"

"చుక్క పెడితే స్టేషను మొలవదు."

"గోడౌన్లవాడికి ఎలా మొలిచింది?"

"వాళ్ళు పనివాళ్ళందర్నీ పిలిచి, ఒక్కొక్కళ్ళనీ ఆ అమ్మాయి ముందు కూర్చోబెట్టారు. అలా మొలిచింది."

"నీకు మనసు లేదు. మీ అమ్మకి లేదు, నీకు లేదు. ఆ లోపల ఎంతమందున్నారు?"

"కమిటీవాళ్ళు ఏడుగురు. మీ కాలనీవాళ్ళు కూడా వచ్చారు."

"మావాళ్ళా? ఎవరు?"

"టైలరుగారు, ఆయన భార్య. మీ ఎదురింటి డ్రైవరు."

"డ్రైవరా! వాడెందుకొచ్చాడు? వాడి ముందు ఎలా చెప్పను?"

"ఏం? చెబితే ఏమవుతుంది?"

"మీ అక్క పొద్దున్నే వాకింగుకెళ్తుందని చెప్పా వాడికి. డాక్టరు నడవమన్నాడని."

"పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. అంతసేపూ వాకింగా?"

"వాడు నమ్మాడు."

"నమ్మలేదు బావగారూ. వాళ్ళావిడ రోజూ అక్కతోపాటే బస్సెక్కుతుంది."

"ఎక్కుతుందా? ఏమే, నిజంగా ఎక్కుతుందా? నాకు చెప్పలేదేం?"

"అక్కనేం అంటారు! వెళ్ళండి, మీ కాలనీని పిలుస్తున్నారు."

"ఉండు. ఉండు, తొందరపెట్టకు."

"మళ్ళీ పిలవరు."

"ఉండవే! చెప్తాలే. సరే. చెప్తా. మా కాలనీ ఆడవాళ్ళు పనులకి వెళ్తారు. టైలరు భార్య వెళ్తుంది, డ్రైవరు భార్య వెళ్తుంది, ఆయాలూ వాళ్ళూ వీళ్ళూ అందరూ వెళ్తారు. నేనే పొరపాటున చెప్పానంటా. సంతోషమేనా?"

"అక్క?"

"మా ఇల్లొక్కటీ వదిలెయ్యి."

"ఏంటీ?"

"పన్నెండు వీధుల్లో ఒక్క మనిషి తగ్గితే స్టేషను ఆగిపోతుందా? మీ అక్క మాత్రం ఇంట్లోనే ఉంటుందని రాసుకో. నన్ను నలుగురిలో తలెత్తుకుని తిరగనీ."

"మీకు సిగ్గనేది లేదా బావగారూ? ఆ మోకాళ్ళు చూసి కూడా..."

"ఆగవే చెల్లీ."

"అక్కా, నువ్వు ఊరుకోబట్టే ఈయన ఇలా..."

"ఆగమన్నానా. ఆయన చెప్పినట్టే రాసుకో."

"అదీ! మీ అక్కకున్న ఇంగితంలో పిసరు కూడా లేదు నీకు. పెద్ద చదువులు చదివితే సరా?"

"ఏమండీ, హాస్టలు వెనకాల గది ఒకటి ఖాళీగా ఉంది. ఈ కాళ్ళతో బస్సులెందుకమ్మా, వచ్చి ఇక్కడే ఉండమని వార్డెనమ్మ ఎప్పట్నుంచో అంటోంది. ఇవాళ్టిదాకా చూసి చెప్తానన్నా."

"గదేంటి? ఇవాళ్టిదాకా ఏం చూడ్డం?"

"మీరు లోపలికెళ్ళి, మా ఆవిడ పనికెళ్తుందని ఆ ఒక్కమాట అంటారేమోనని."

"పిచ్చిగాని పట్టిందా నీకు? ఇల్లేం కావాలి? నేనేం కావాలి?"

"వెళ్ళండి, పిలుస్తున్నారుగా. ధైర్యంగా చెప్పండి. రేపట్నించి అది అబద్ధం కాదు. మీ ఇంట్లోంచి పనికి వెళ్ళే ఆడది ఉండదు."