పదిహేడు గోల్స్‌కి ఇద్దరు సాక్షులు

సింగపూర్లో, టోవా పాయోలో సాంబమూర్తిగారి ఫ్లాటు. వై టూ కే పుణ్యమా అని మనవాళ్ళు గుంపులుగా విమానాలెక్కిన రోజుల్లో ఒక ఆదివారం ఉదయం. నిశాంత్ వచ్చిన దగ్గర్నుంచీ వాన గురించి, రైళ్ళలో రద్దీ గురించి మాట్లాడి మాట్లాడి, అసలు సంగతికి అప్పుడే వచ్చాడు.

"మీ రికార్డుల పేజీలో ఒక్క వరసే అంకుల్. ఒక్క పేరు. మిగతాదేదీ ముట్టుకోనక్కర్లేదు."

"ఏ వరస?"

"తొంభై అయిదో సంవత్సరంది."

"తొంభై అయిదులో చాలా వరసలున్నాయి నాయనా. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, కెప్టెన్ ఎవరు, కోచ్ ఎవరు..."

"ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. ఆ వరస."

"ఓహో. పదిహేడు గోల్స్. మన కాలేజీ జట్టు పుట్టిన దగ్గర్నుంచీ ఒక సీజన్లో అదే ఎక్కువ. ఏసుబాబు."

"అదే. అక్కడ... అక్కడ నా పేరు పెట్టాలంకుల్."

"కమలా, ఆ టీ ఇంకాస్త వేడిగా పట్రా. ఈ అబ్బాయికి ఒంట్లో బాగున్నట్టు లేదు."

"నవ్వులాటకి కాదంకుల్. రెండు వారాలు ఉంచండి చాలు. తర్వాత మళ్ళీ మార్చేద్దురుగాని."

"ఈ వారంలో ఆ వరస మార్చమన్నవాళ్ళలో నువ్వు రెండోవాడివి."

"రెండోవాణ్ణా? మొదటివాడెవరు? మా కంపెనీ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా?"

"కంపెనీవాళ్ళు కాదులే. అది వదిలెయ్. నువ్వెప్పుడైనా బంతి తన్నావా?"

"హాస్టల్లో క్యారమ్స్ ఆడేవాణ్ణి."

"మరి నీ పేరెందుకయ్యా?"

"నా రెజ్యూమేలో ఉంది. కాలేజీ ఫుట్‌బాల్ రికార్డు, ఒక సీజన్లో పదిహేడు గోల్స్ అని."

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. ఉండిపోయింది."

"ఉండిపోవడమేంటి?"

"అమీర్‌పేటలో నేనూ, బాలూ, ఏసుబాబూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఏసుబాబు రెజ్యూమే బాగా కుదిరింది. అందరం వాడి ఫ్లాపీయే పట్టుకెళ్ళాం. డీటీపీ సెంటరువాడికిచ్చి పేరు మార్చమన్నాను. వాడు పేరొక్కటే మార్చాడు."

"నువ్వు చదువుకోలేదా?"

"అప్పట్లో ఎవరు చదివారంకుల్? పైన కోబాల్ ఉందా, ప్రాజెక్టులున్నాయా, అంతే. ఆటలూ పాటలూ ఎక్కడో అడుగున ఉంటాయి. అవెవరు చూస్తారు?"

"మీ మేనేజరు చూశాడన్నమాట."

"లిమ్ అదొక్కటే చూశాడు. కంపెనీ జట్టుకి ఆయనే కెప్టెన్. ఇంటర్వ్యూలో కోబాల్ మీద ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నువ్వు స్ట్రైకర్‌వా అన్నాడు. అవునన్నాను."

"అయితే ఆ ఒక్క అవునుకే ఉద్యోగం వచ్చింది."

"పనైతే నేర్చుకునే చేస్తున్నానంకుల్. రాత్రీ పగలూ చేస్తున్నాను. అందులో మాత్రం మోసం లేదు."

"ఇదిగో టీ. ఉప్మా కూడా పెట్టాను. మకాన్, అదే తిండి, అయిందో లేదో మొహం చూస్తేనే తెలుస్తోంది. సాయంత్రం ఆట పెట్టుకుని ఖాళీ కడుపుతో తిరుగుతావా?"

"ఆట సంగతి మీకెలా తెలుసాంటీ? నేనింకా చెప్పలేదే."

"మీ బాలు చెప్పాడులే. పాసిర్ రిస్ గ్రౌండ్లో నాలుగింటికి మీ కంపెనీ మ్యాచట. ఇన్నాళ్ళూ ఏవో వంకలు చెప్పి తప్పించుకున్నావట, ఈసారి ఒక మనిషి తక్కువై నిన్ను దింపుతున్నారట."

"అవునాంటీ."

"అయితే ఇది దగ్గరుంచుకో."

"ఏంటిది, బ్యాండేజా?"

"ఎడం మోకాలికి కట్టుకో. దిగాక ఒక్కసారి గట్టిగా పరుగెత్తు, మోకాలు పట్టుకుని కూలబడు. మోసుకొచ్చి బయట కూర్చోబెడతారు. పాత దెబ్బ తిరగబెట్టిందని చెప్పు. ఎవరూ అనుమానపడరు."

"మీకింత ఆలోచన..."

"నాకంత తెలివెక్కడిది? ఎవరో చెప్పారు."

"కమలా."

"నేనేం అన్లేదుగా. ఎవరో అన్నాను. ఉప్మా తినయ్యా, చల్లారిపోతుంది."

"ఆటైతే కట్టు కట్టుకుని గట్టెక్కుతానాంటీ. రేపటి సంగతే... అంకుల్, మీ వెబ్‌సైట్ రేపే కదా తెరుస్తున్నారు?"

"రేపు పొద్దున. యాభై ఏళ్ళ జట్టు చరిత్ర, ఆడిన ప్రతి మ్యాచూ. నీకెలా తెలిసిందది?"

"మా హెచ్‌ఆర్ వాళ్ళు కాలేజీకి రాశారు. కాలేజీ వాళ్ళేమో, మా దగ్గరేం లేవు, లెక్కలన్నీ సింగపూర్లో ఫలానా ఆయన దగ్గరున్నాయి, సోమవారం సైట్ వస్తుంది, చూసుకోండి అని జవాబిచ్చారు."

"బావుంది. కానీ బంతాట కోసం హెచ్‌ఆర్ వాళ్ళు కాలేజీకి రాస్తారా? నమ్మేలా చెప్పు."

"ఆట కోసం కాదు."

"మరి?"

"ఇంకో రెజ్యూమే వచ్చింది."

"ఇంకో రెజ్యూమే అంటే?"

"అదే కాలేజీ, అదే సంవత్సరం, అవే ప్రాజెక్టులు. అవే పదిహేడు గోల్స్. అక్షరం పొల్లుపోలేదు. పేరొక్కటే వేరు."

"ఏసుబాబు."

"వాడే. మోకాలి ఆపరేషన్లని ఏడాదిన్నర మంచంలో ఉన్నాడు. లేచి, కోర్సు పూర్తి చేసుకుని, ఇప్పుడు నన్ను పంపిన ఏజెంటు ద్వారానే మా కంపెనీకే పెట్టాడు. నేనిక్కడున్నానని తెలుసో తెలీదో మరి."

"తెలిసే ఉంటుంది. అయితే వాళ్ళిప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు."

"ఇద్దర్లో ఒకడు దొంగ అంటున్నారంకుల్. మీ పేజీలో ఎవడి పేరుంటే వాడు నిజం. రెండోవాడు..."

"రెండోవాడు?"

"వాడైతే ఉద్యోగం రాదు, అంతే. ఇంకో చోట పెట్టుకుంటాడు. నేనైతే వర్క్ పాస్ క్యాన్సిల్, తిరిగి ఇండియాకే. రజితకి ఐదో నెలంకుల్. మొన్ననే వచ్చింది. ఉయ్యాల కూడా చూసిపెట్టుకుంది. దాన్ని వెంటబెట్టుకుని ఏ మొహంతో దిగను?"

"ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"నిన్నెవరైనా అడిగారా, ఈ ఏసుబాబు ఎవరూ అని?"

"ఊఁ."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను అంకుల్, అప్పటికప్పుడు పిలిచి కూర్చోబెట్టి..."

"అడిగినదానికి చెప్పు."

"తెలీదన్నాను."

"నాలుగేళ్ళు హాస్టల్లో, రెండేళ్ళు అమీర్‌పేటలో."

"ఒకే కంచంలో తిన్నాం. తెలుసు. నాకు తెలీదనుకుంటున్నారా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

"తెలీదని ఊరుకున్నావా?"

"తెలీనివాడి దగ్గర నీ రెజ్యూమే ఎలా ఉందని అడిగారు. నాది... నాది కాపీ కొట్టుంటాడన్నాను."

"ఏవండీ, ఆ ఫ్యాన్ కొంచెం పెంచండి. పిల్లాడికి చెమటలు పడుతున్నాయి."

"అదంతా అయిపోయిందాంటీ. అన్న మాట వెనక్కి తీసుకోలేను. అడుసు తొక్కాను, కడుక్కునే దారి ఇదొక్కటే ఉంది. అంకుల్, మీకో నమస్కారం పెడతాను. కంప్యూటర్లో ఒక్క నిమిషం పని."

"ఒక్క నిమిషమే. కాదన్లేదు. ఆ పేజీ ఎలా కట్టానో తెలుసా నీకు?"

"తెలుసంకుల్. కాలేజీ రికార్డులన్నీ వరదలో పోతే..."

"పోతే, ఆడినవాళ్ళనీ చూసినవాళ్ళనీ వెతుక్కుంటూ ఆరేళ్ళు తిరిగాను. ఒక్కొక్క గోల్‌కీ ఇద్దరు సాక్షులు. కొట్టినవాడు సాక్షి కాడు. కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు చెప్తేనే ఎక్కిస్తాను. ఒకళ్ళు తగ్గినా లేదు."

"ఈయన కాలేజీలో ఉండగా ఒకే ఒక్క గోల్ కొట్టారు నిశాంత్. అదీ ఎక్కలేదు."

"ఎందుకాంటీ?"

"చూసినవాళ్ళలో ఒకాయనే బతికున్నాడు. రెండో సాక్షిగా నేను చెప్తానన్నాను. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను కదా, బంతి ఎటునుంచి వచ్చిందో నాకే బాగా తెలుసు. ఒప్పుకోరు. నువ్వు చూళ్ళేదుగా అంటారు."

"చూళ్ళేదు మరి. నిశాంత్, జోనల్ ఫైనల్లో ఏసుబాబు కొట్టిన ఆఖరి గోల్, ఆ పదిహేడోది, దానికి సాక్షులెవరో గుర్తుందా?"

"బాలు."

"బాలు ఒకడు. ఇంకొకడు?"

"గుర్తులేదంకుల్."

"గుర్తుంది."

"అంకుల్, ప్లీజ్."

"చెప్పు. ఎవరు?"

"నేనే."

"నువ్వు రాసిన మెయిల్ నాకు కంఠతా వచ్చు. వాన, గ్రౌండంతా బురద, సరుగుడు గుంజల గోల్‌పోస్టు వంగిపోయి ఉంది అని రాశావు. వాడి ఎడం మోకాలు అప్పటికే కుండలా వాచింది, కుడికాలితో కొట్టాడు, కొట్టి అక్కడే పడిపోయాడు. నేను గొడుగు పారేసి లోపలికి పరుగెత్తాను, రిఫరీ నన్ను తిట్టాడు, నాకు వినపళ్ళేదు అన్నావు. ఆరేళ్ళలో వందలమంది రాశారు నాకు. అంత బాగా ఎవరూ రాయలేదు."

"అప్పుడు నాకు ఉద్యోగం లేదంకుల్. అప్పుడు ఏం రాసినా పోయేదేం లేదు."

"అబద్ధమా మరి అది?"

"కాదు. వాణ్ణి నేనే భుజాన మోసుకొచ్చాను బయటికి. అబద్ధమెలా అవుతుంది?"

"మరిప్పుడేం చెయ్యమంటావు నన్ను?"

"మీరు రాయలేకపోతే ఖాళీగా ఉంచండి. ఆ వరసే తీసెయ్యండి. రెజ్యూమే ఎవరిదో తేలకపోతే మమ్మల్నిద్దర్నీ వదిలేస్తారు."

"ఇద్దర్నీ వదిలెయ్యరు. ఉన్నవాణ్ణి ఉంచుతారు, బయటివాణ్ణి బయటే ఉంచుతారు. అది నీకూ తెలుసు."

"తెలుసు. తెలిసే అడుగుతున్నాను. నేను మంచివాణ్ణని చెప్పుకోడానికి రాలేదంకుల్. భయమేసి వచ్చాను."

"ఆ మాట నమ్ముతాను."

"అయితే రాస్తారా?"

"పేరు మార్చడానికి నా దగ్గర ఒకటే పద్ధతి. ఆ పదిహేడూ నిశాంత్ కొట్టాడు, మేం చూశాం అని ఇద్దరు చెప్పాలి. నువ్వు కాదు, ఇంకో ఇద్దరు. తీసుకురా, రాసేస్తాను."

"ఎవరు చెప్తారంకుల్? బాలుని మొన్ననే వాడి గదికెళ్ళి అడిగాను. సగం వినేసరికి తలుపేసేశాడు. ఇంకెవరు చెప్తారు?"

"చెప్పెయ్యండి."

"కమలా, వద్దన్నాడు కదా."

"మిమ్మల్ని వద్దన్నాడు. నన్నేమీ అన్లేదు. పిల్లాడు సాయంత్రం ఆ బ్యాండేజీ కట్టుకుని ఎవడో పుణ్యాత్ముడి సలహా అనుకుంటూ కుంటుతాడు. నేను చూస్తూ ఊరుకోలేను."

"ఏంటాంటీ? ఎవరు?"

"నిన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది. హైదరాబాద్ నుంచి. మొదట నేనే ఎత్తాను. నువ్వు సాయంత్రం ఆటకి దిగుతున్నావని బాలు చెప్పాడట. ఎడం మోకాలికి కట్టు కట్టుకోమనండి ఆంటీ, దెబ్బ ఎడమదని కాలేజీలో అందరికీ తెలుసు, ఎవరైనా ఆరా తీసినా సరిపోతుంది అన్నాడు."

"ఎడం మోకాలు... ఆంటీ, ఎడం మోకాలు వాడిది."

"వాడిదే. ఫోన్ చేసింది ఏసుబాబే."

"నేనన్న మాట కూడా బాలు చెప్పేశాడా? కాపీ కొట్టాడన్నది?"

"చెప్పాడట."

"తిట్టాడా?"

"లేదు. రజితకెన్నో నెలండీ అని అడిగాడు. తర్వాత ఈయనకిమ్మన్నాడు. నేను పక్కనే ఉన్నాను, అంతా వినపడుతూనే ఉంది. పేరు మార్చాలంటే ఇద్దరు సాక్షులు కావాలంటారు కదా అంకుల్, ఆ పదిహేడు గోల్సూ నిశాంతే కొట్టాడు, నా కళ్ళారా చూశాను, ఒక సాక్షి కింద నా పేరు రాసుకోండి అన్నాడు."