చెమ్మ గోడకి లప్పం

"ఏంటి మేస్త్రీ, ఇంకా గోకుతూనే ఉన్నావు? గోడని పెళ్ళికూతుర్ని చేస్తున్నావా? పదకొండింటికి కొత్తవాళ్ళు దిగుతున్నారు."

ఖాళీ అయిన కింది వాటాలో, పడగ్గది గోడ ముందు, ఇంటి ఓనరు గడియారం చూసుకున్నాడు.

"గోకితే ఇటుక కూడా రాలుతోంది సార్. చెమ్మ లోపలికంటా దిగింది."

"చెమ్మ అనకు. నీడ పట్టిందను."

"నీడకి పొక్కులొస్తాయా సార్?"

"మొన్న ఖాళీ చేసిన టీచరూ ఇంతే. మూడేళ్ళు గోడ తడి, గోడ తడి అని నా ప్రాణం తోడేశాడు. నలుగురు మనుషులు తలుపులేసుకుని ఊపిరి వదిలితే తడవదూ?"

"ఊపిరికా!"

"ఆ, ఊపిరికే. ఒక్కొక్కళ్ళదీ అంతంత ఊపిరి."

"పైన మీ బాత్రూం పైపు కారుతోంది సార్. పగలగొట్టి మారిస్తే ఒక్క రోజు పని."

"ఆ టైల్సు మా ఆవిడ ఏరికోరి వేయించింది. వాటి మీద సుత్తి పడితే, రెండో దెబ్బ నా నెత్తి మీదే. లప్పం దట్టంగా పట్టించి పైన రంగు లాగించు. ఆ మూల బీరువా పెట్టుకోమంటాను."

"మీ గోడ, మీ ఇష్టం. ఇంతకీ ఎవరొస్తున్నారు?"

"బంగారంలాంటివాడు దొరికాడయ్యా. ఇల్లు చూడకుండానే ఫోన్లో సరేనన్నాడు. భార్యకి ఏడో నెలట. దానికి తోడు ఆయాసమట. గాలి బాగా వస్తుందా అని మూడుసార్లు అడిగాడు."

"మీరేమన్నారు?"

"కిటికీ తీస్తే ఎగిరిపోతారన్నాను."

"ఆయాసమా... అబ్బాయేం చేస్తాడు సార్?"

"కొరియర్ ఆఫీసు. కాస్త నత్తి. వాడు 'అం-అం-అంకుల్' అనేసరికి ఇక్కడ నా టీ చల్లారింది."

"కొరియర్ ఆఫీసా?"

"అన్నాగా! చెయ్యి ఆగిందేం?"

"ఈ గోడకి లప్పం పెట్టను సార్."

"ఏమిటీ?"

"పైకి పదండి. పైపు మార్చేస్తాను. కూలి వద్దు."

"కూలొద్దా? జ్వరమేమైనా తగిలిందా?"

"అమ్మగారితో నేను మాట్లాడతాను. కాళ్ళు పట్టుకుంటాను. గోడ ఆరేదాకా వాళ్ళని ముందుగదిలో పడుకోమందాం..."

"అందాం ఏంటి, అందాం? ఇల్లు నీదా?"

"కాదు సార్."

"మరి? ఒరేయ్, నేను చెప్పినట్టు..."

"గేటు దగ్గర బండి ఆగింది సార్."

"చంపావు! మేస్త్రీ, బాబ్బాబు, నీ కాళ్ళు నేను పట్టుకుంటా. ఒక్క కోటింగు. పదేళ్ళుగా ఎవరు దిగినా ఈ గోడకి నువ్వేగా పూసింది! టీచరు పిల్లాడు రాత్రంతా దగ్గేవాడని నీకూ తెలుసు. ఏనాడైనా నోరెత్తావా? ఇవాళే పుట్టుకొచ్చిందా నీతి?"

"నీతీ లేదు, గీతీ లేదు సార్. ఇన్నాళ్ళూ దిగినవాళ్ళు ఎవరి పిల్లలో నాకు పట్టలేదు. అదిగో, ఏ ఇంటికి మారుతోందో నాకు చెప్పకుండానే వచ్చి, పొట్ట పట్టుకుని బండి దిగుతోందే, అది నా కూతురు."